గోల్ ముంగిట నిలిచిన మనిషి: టోనీ టూరెక్

ఫుట్‌బాల్ జట్టులో 11 మంది ఆటగాళ్లు ఉంటారు. వారిలో పదిమంది చేసే పొరపాట్లను ప్రేక్షకులు అరగంటలో మరచిపోతారు. ముందు వరుసలో ఆడేవాడు పదిసార్లు గురి తప్పి, పదకొండవసారి బంతిని వలలోకి పంపితే వీరుడవుతాడు. గోల్‌కీపరు పదిసార్లు బంతిని ఆపి, పదకొండవసారి జారవిడిస్తే దోషి అవుతాడు. అతడు చేసిన మేలు ఏ లెక్కలోనూ చేరదు. చేసిన తప్పు మాత్రం మైదానపు ఫలకం మీద అంకె రూపంలో అందరికీ కనిపిస్తూ నిలిచి ఉంటుంది. ఇంతటి కఠినమైన బాధ్యతను ఇష్టపూర్వకంగా స్వీకరించి, ఒక మహాసంగ్రామంలో మొదట తడబడి, తరువాత కొండవలె నిలబడిన వ్యక్తి జర్మనీ దేశపు గోల్‌కీపరు టోనీ టూరెక్. ఆయన జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయడమే ఈ వ్యాసపు ఉద్దేశం.

రూర్ నది రైన్ నదిలో కలిసే చోట డ్యూయిస్‌బర్గ్ అనే పారిశ్రామిక నగరం ఉన్నది. బొగ్గు, ఉక్కు, నదీ రేవు ఆ నగరానికి ప్రాణాధారాలు. పొగగొట్టాల నీడలో, కార్మికవాడల నడుమ ఖాళీ స్థలాలలో బంతి ఆట పెరిగి పెద్దదైన ప్రాంతం అది. అక్కడ 1919 జనవరి 18వ తేదీన టూరెక్ జన్మించాడు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఆంటోన్. లోకం ఆయనను టోనీ అనే ముద్దుపేరుతోనే ఎరిగినది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసి అప్పటికి మూడు నెలలైనా కాలేదు. అంటే ఒక యుద్ధపు బూడిదలో పుట్టి, మరొక యుద్ధపు మంటలలో యౌవనాన్ని గడపవలసి వచ్చిన తరానికి చెందినవాడు ఆయన. ఆ రోజులలో జర్మనీలో ఫుట్‌బాల్ వృత్తి కాదు. ఆడేవాడికి కడుపు నింపుకొనడానికి వేరొక పని ఉండి తీరవలసినదే. టూరెక్ రొట్టెలు కాల్చే పని నేర్చుకున్నాడు. తెల్లవారుజామున పిండి పిసికిన చేతులే సాయంకాలం బంతిని పట్టుకునేవి.

జర్మన్ జాతీయ జట్టు శిక్షణ బాధ్యత 1936లో సెప్ హెర్‌బెర్గర్ చేతికి వచ్చింది. చిన్న విషయాలను సైతం నోటు పుస్తకాలలో రాసి పెట్టుకొని, ఆటగాళ్లను తండ్రివలె గద్దించి నడిపించే గురువు ఆయన. యౌవనారంభంలోనే టూరెక్ ఆ గురువు దృష్టిలో పడ్డాడు. కాలం సక్రమంగా నడిచి ఉంటే ఇరవై రెండు, ఇరవై మూడు సంవత్సరాల ప్రాయంలోనే ఆయన జాతీయ జట్టు దుస్తులు ధరించేవాడు. కాని 1939లో రెండవ ప్రపంచ యుద్ధం ప్రారంభమైనది. హిట్లర్ పాలన తన దురాశతో ప్రపంచాన్ని నిప్పులలోకి నెట్టి, తన దేశపు యువకులను కూడా ఆ నిప్పులకే ఆహుతి చేసింది. టూరెక్ సైనికుడుగా వెళ్లక తప్పలేదు. యుద్ధరంగంలో ఒక ఫిరంగి గుండు తునక ఆయన ఉక్కు టోపీని చీల్చుకొని తలలో దిగినది. ప్రాణం దక్కినది గాని ఆ ఇనుప ముక్క అక్కడే మిగిలిపోయింది. ఆ తరువాత ఆయన ఆడిన ఆటలన్నీ ఆ తునకను తలలో మోస్తూ ఆడినవే.

క్రీడాకారుని జీవితంలో ఇరవై ఏళ్లకు, ముప్పై ఏళ్లకు మధ్య గల కాలమే పంటకాలం. టూరెక్‌కు ఆ పంటకాలం యుద్ధంలో, యుద్ధానంతర దారిద్ర్యంలో కరగిపోయింది. 1945లో జర్మనీ శిథిలాల దిబ్బగా మిగిలినది. రైన్, రూర్ ప్రాంతపు నగరాలు బాంబులకు నేలమట్టమైనవి. తిండికి రేషను, పొయ్యికి బొగ్గు, తలదాచుకొనడానికి కప్పు దొరకని రోజులలో కూడా జనం ఆదివారం నాడు బంతి ఆట చూడడానికి వచ్చేవారు. టూరెక్ కొంతకాలం ఐన్‌ట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ జట్టుకు, తరువాత ఉల్మ్ నగరపు జట్టుకు ఆడి, 1950లో ఫోర్టునా డ్యూసెల్‌డార్ఫ్ క్లబ్బులో చేరాడు. 1933లో జర్మనీ విజేతగా నిలిచిన పేరున్న క్లబ్బు అది. 1956 వరకు ఆయన అక్కడే ఉన్నాడు.

ఆ కాలంలో జర్మనీ లోకానికి వెలివేయబడిన దేశం. యుద్ధాన్ని తెచ్చిపెట్టిన దేశంతో ఆడడానికి ఇరుగుపొరుగు దేశాలు సిద్ధంగా లేవు. 1950లో బ్రెజిల్‌లో జరిగిన ప్రపంచ కప్ పోటీలలో జర్మనీకి ప్రవేశమే లభించలేదు. ఆ సంవత్సరం చివరలో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య తలుపులు తిరిగి తెరచుకున్నవి. నవంబరు 22వ తేదీన స్టుట్‌గార్ట్ నగరంలో పొరుగు దేశమైన స్విట్జర్లాండ్ తన జట్టును పంపి స్నేహహస్తం చాచినది. సుమారు లక్షమంది ప్రేక్షకులు ఆ మైదానాన్ని నింపినారు. పెనాల్టీ ద్వారా లభించిన ఒకే ఒక గోలుతో పశ్చిమ జర్మనీ గెలిచినది. ఆనాడు గోల్ ముంగిట నిలిచినవాడు టూరెక్. అదే ఆయన ఆడిన మొదటి అంతర్జాతీయ పోటీ. అప్పటికి ఆయన వయసు 31 సంవత్సరాలు దాటినది. ఎందరో ఆటగాళ్లు బూట్లు విప్పి పక్కన పెట్టే వయసులో ఆయన జాతీయ జట్టు గడప తొక్కినాడు.

టూరెక్ ఆట తీరును గురించి ఇక్కడ కొంత చెప్పవలసి ఉన్నది. ఆయన ప్రదర్శన కోసం గాలిలో ఎగిరే రకం కాదు. గోల్ గీత మీద నిబ్బరంగా నిలబడి, బంతి గమనాన్ని ముందుగానే పసిగట్టి, తక్కువ శ్రమతో దానిని అందుకొనడం ఆయన పద్ధతి. అందని బంతి కోసం దూకి లాభం లేదని, బయటికి పోయే బంతి వెంట పరుగెత్తడం వృథా అని ఆయన నమ్మకం. బంతి స్తంభం పక్కనుంచి అంగుళాల దూరంలో పోతూ ఉంటే, కదలకుండా చూపుతోనే దానిని సాగనంపేవాడు. చూసే జనానికి గుండె ఆగినంత పని అయ్యేది. క్రమశిక్షణే ప్రాణంగా గల హెర్‌బెర్గర్‌కు ఈ నింపాదితనం అజాగ్రత్తవలె తోచి, మనసుకు నచ్చేది కాదు. అయినా ఆ నింపాదితనం వెనుక ఉన్న చెదరని నిబ్బరాన్ని గుర్తించి, తన మొదటి గోల్‌కీపరుగా ఆయననే నిలుపుకొన్నాడు. తలలో ఇనుప తునకతో బతికి బయటపడిన మనిషికి తోలు బంతి ఏమంత భయం కలిగిస్తుందని మాకు అనిపిస్తుంది.

1954 జూన్ నెలలో స్విట్జర్లాండ్‌లో ప్రపంచ కప్ పోటీలు మొదలైనవి. టూరెక్‌కు అప్పుడు 35 సంవత్సరాలు. జర్మన్ జట్టులో అందరికంటె పెద్దవాడు ఆయనే. జట్టు నాయకుడు ఫ్రిట్జ్ వాల్టర్‌కు 33. తూన్ సరస్సు ఒడ్డున ఉన్న స్పీట్జ్ అనే ప్రశాంతమైన ఊరిలో వారికి విడిది ఏర్పాటైనది. పశ్చిమ జర్మనీ కప్పు గెలుస్తుందని తలచినవారు స్వదేశంలోనైనా అరుదు. లోకమంతా హంగరీ జట్టునే కాబోయే విజేతగా ఎంచినది. 1950 మే నెల తరువాత పరాజయం ఎరుగని జట్టు అది. 1952 ఒలింపిక్ స్వర్ణ పతకం వారిదే. 1953 నవంబరులో ఫుట్‌బాల్‌కు పుట్టినిల్లయిన ఇంగ్లండును వెంబ్లీ మైదానంలోనే 6–3 గోల్స్‌తో ఓడించి, మరుసటి మే నెలలో బుడాపెస్ట్‌లో 7–1 గోల్స్‌తో మళ్లీ ఓడించినారు. పుష్కాష్, కోచిష్, హిదెగ్కూతి, చీబోర్ వంటి మేటి ఆటగాళ్లు వారి ముందు వరుస.

తొలి పోటీలో జర్మనీ టర్కీని 4–1 గోల్స్‌తో ఓడించినది. రెండవ పోటీ హంగరీతోనే. అప్పటి నిబంధనల ప్రకారం ఆ పోటీలో ఓడినా, టర్కీతో మరొకసారి ఆడి ముందుకు పోయే మార్గం ఉన్నది. ఈ లెక్క చూసుకొని హెర్‌బెర్గర్ ముఖ్యమైన ఆటగాళ్లలో చాలామందికి విశ్రాంతి ఇచ్చినాడు. టూరెక్ స్థానంలో క్వియాట్‌కోవ్‌స్కీ గోల్ వద్ద నిలిచినాడు. ఫలితం 8–3. జర్మనీలో ఆగ్రహం పెల్లుబికినది. గురువును దూషిస్తూ ఉత్తరాలు వెల్లువెత్తినవి. గురువు పన్నిన వ్యూహానికి మూల్యం చెల్లించినవాడు మాత్రం క్వియాట్‌కోవ్‌స్కీ. నాలుగేళ్ల తరువాత 1958 ప్రపంచ కప్‌లో ఆయనకు దొరికిన అవకాశం మూడవ స్థానం కోసం ఫ్రాన్సుతో జరిగిన పోటీ. అందులోనూ జర్మనీ 6–3 గోల్స్‌తో ఓడినది. గోల్‌కీపరు అదృష్టం ఎంత చంచలమైనదో ఆయన కథ తెలుపుతున్నది.

విశ్రాంతి తీసుకొన్న ఆటగాళ్లు తిరిగి వచ్చి టర్కీని 7–2 గోల్స్‌తో ఓడించినారు. జెనీవాలో యుగోస్లావియాతో జరిగిన క్వార్టర్ ఫైనల్‌లో టూరెక్ విలువ లోకానికి తెలిసినది. ప్రత్యర్థి ఆటగాడు హోర్వాట్ పొరపాటున తన గోల్‌లోనే బంతి వేయడంతో జర్మనీకి ఆదిలోనే ఆధిక్యం లభించినది. ఆపైన యుగోస్లావులు అలలవలె విరుచుకుపడినారు. గోల్ ముందు టూరెక్, గీత మీద వెనుక వరుస ఆటగాడు కోల్‌మేయర్ ఆ అలలను ఆపి నిలిచినారు. ఆట ముగియబోయే వేళ రాన్ రెండవ గోలు చేయగా జర్మనీ 2–0తో గట్టెక్కినది. సెమీఫైనల్‌లో ఆస్ట్రియా మీద 6–1 విజయంతో ఎవరూ ఊహించని విధంగా ఫైనల్ చేరుకొన్నది.

1954 జూలై 4వ తేదీ ఆదివారం. బెర్న్ నగరంలో వాంక్‌డార్ఫ్ మైదానం. అరవై వేలకు పైగా జనం. ఆనాడు వాన కురుస్తున్నది. యుద్ధకాలంలో మలేరియా పాలైన ఫ్రిట్జ్ వాల్టర్ ఎండకు తట్టుకోలేడు. కనుక వాన రావడం జర్మన్లకు శుభశకునంగా తోచినది. బూట్ల వ్యాపారి ఆడీ డాస్లర్ తయారు చేసిన మరలతో బిగించే బుడిపెల బూట్లు వారికి బురదలో పట్టు నిచ్చినవి. కాళ్లకు సాయపడిన ఆ వానే గోల్‌కీపరు చేతులకు శత్రువైనది. తడిసిన తోలు బంతి బరువెక్కుతుంది, సబ్బువలె జారుతుంది. ఈ కాలపు గోల్‌కీపర్లు ధరించే రబ్బరు పూత తొడుగులు అప్పటికి లేవు.

ఆరవ నిమిషంలో పుష్కాష్ గోలు చేసినాడు. రెండు నిమిషాలు గడవక ముందే మరొక ఆపద వచ్చిపడినది. కోల్‌మేయర్ వెనుకకు నెట్టిన బంతిని టూరెక్ అందుకోవలసి ఉన్నది. ఆ రోజులలో సొంత ఆటగాడు కాలితో పంపిన బంతిని గోల్‌కీపరు చేతితో పట్టుకొనవచ్చును. ఆ వెసులుబాటును తొలగించిన నిబంధన 1992లో గాని రాలేదు. ఇద్దరి మధ్య అవగాహన కుదరలేదు. చేతికి వచ్చిన బంతి టూరెక్ పట్టు జారినది. మెరుపువలె దూసుకువచ్చిన చీబోర్ దానిని ఖాళీ గోల్‌లోకి పంపినాడు. ఎనిమిది నిమిషాలకే 2–0. ఎదుట ఉన్నది నాలుగేళ్లుగా ఓటమి ఎరుగని జట్టు. రెండు వారాల క్రిందట ఎనిమిది గోల్స్ తిన్న జ్ఞాపకం ఇంకా ఆరలేదు. 35 ఏళ్ల మనిషి, జీవితమంతా ఎదురుచూసిన రోజున, లోకం కళ్ల ఎదుట, సులభమైన బంతిని జారవిడిచినాడు.

మా విద్యార్థులు ఈ క్షణం వద్ద కొంచెం ఆగి ఆలోచించాలని మేము కోరుతున్నాము. ఆట ముగియడానికి ఇంకా 82 నిమిషాలు ఉన్నవి. ఆనాటి ఆటలో ఆటగాడిని మార్చే వీలు లేదు. దాగడానికి చోటు లేదు. తప్పు చేసినవాడు ఆ తప్పు చేసిన చోటనే, ఆ స్తంభాల మధ్యనే, అది చూసిన జనం ఎదుటనే నిలబడాలి. నాయకుడు ఫ్రిట్జ్ వాల్టర్, తోటి ఆటగాళ్లు నింద మాట ఎత్తకుండా ముందుకు కదిలినారు. పదవ నిమిషంలో మోర్లాక్, పద్దెనిమిదవ నిమిషంలో రాన్ గోల్స్ చేసి లెక్క సమం చేసినారు. ఆ తరువాత సాగినదే టూరెక్ జీవితానికి సార్థకత చేకూర్చిన కాలం.

హంగరీ ఆటగాళ్లు నలువైపులా చుట్టుముట్టినారు. హిదెగ్కూతి కొట్టిన ఒక బంతి స్తంభానికి తగిలినది. కోచిష్ తలతో కొట్టినది అడ్డ కమ్మిని తాకి పోయినది. ఒకసారి కోల్‌మేయర్ గీత మీద నుంచి బంతిని తీసివేసినాడు. తక్కినవి టూరెక్ చేతులకు, కాళ్లకు, దేహానికి తగిలి ఆగిపోయినవి. ఎప్పుడూ ఎగరని మనిషి ఆనాడు అవసరమైనప్పుడు ఎగిరినాడు. 84వ నిమిషంలో రాన్ ఎడమ కాలితో కొట్టిన నేలబారు బంతి హంగరీ వలలో పడినది. 3–2. మరి కాసేపటికి పుష్కాష్ బంతిని జర్మన్ వలలోకి పంపినాడు గాని, రేఖా పర్యవేక్షకుడు ఆఫ్‌సైడ్ జెండా ఎత్తినాడు. ఇంగ్లండుకు చెందిన రిఫరీ లింగ్ ఆ గోలును తిరస్కరించినాడు. ఆ తీర్పు న్యాయమా, అన్యాయమా అనే వాదం ఆ తరం ఆటగాళ్లు గతించిన తరువాత కూడా తెగలేదు. చివరి నిమిషాలలో చీబోర్ అతి సమీపం నుంచి కొట్టిన దెబ్బను టూరెక్ ఆపివేసినాడు. ఎనిమిదవ నిమిషంలో ఎవని ముందు బంతి జారినదో, ఆ చీబోర్ దెబ్బనే చివరకు ఆయన అడ్డుకొన్నాడు. అంతటితో లెక్క తీరినది.

ఆ రోజులలో జర్మనీలో టెలివిజన్ కొద్ది ఇళ్లకే పరిమితం. దేశమంతా రేడియో ముందు కూర్చున్నది. హెర్బర్ట్ జిమ్మర్‌మన్ అనే వ్యాఖ్యాత ఆట వివరిస్తూ ఉండగా, టూరెక్ ఒక అసాధ్యమైన బంతిని ఆపిన క్షణాన ఉద్వేగం పట్టలేక, ఒక్క ఊపిరిలోనే ఆయనను మొదట దయ్యాల వంటి మనిషిగాను, వెంటనే ఫుట్‌బాల్ దేవుడుగాను పొగడినాడు. పోటీ చలనచిత్రం పూర్తిగా భద్రపడలేదు. తునకలు మాత్రమే మిగిలినవి. అందుచేత ఆ కంఠస్వరమే జర్మన్ల జ్ఞాపకంలో ఆ పోటీకి రూపమైనది. అయితే ఆ దేవుడు అనే మాట ధార్మికులకు రుచించలేదు. సృష్టికర్తకు మాత్రమే చెందవలసిన నామాన్ని బంతి ఆటగాడికి ఎట్లా కట్టబెడతారని ఆక్షేపణలు వచ్చినవి. వ్యాఖ్యాత క్షమాపణ చెప్పుకొనవలసి వచ్చినది. ఏ మతానికి చెందినవారమైనా మనము ఈ ఆక్షేపణలోని ఆంతర్యాన్ని గ్రహించగలము. దేవుడు తప్పు చేయడు. టూరెక్ తప్పు చేసినాడు, చేసి దిద్దుకొన్నాడు. ఆయన గొప్పతనమంతా మనిషి కావడంలోనే ఉన్నది. దేవుడని పిలిచినవారు ఆయన ఘనతను పెంచలేదు, తగ్గించినారు.

గెలుపు మత్తు జర్మనీని కొన్నాళ్లు ఊపివేసినది. విజేతలు ఎక్కిన ఎర్రని రైలు సరిహద్దు దాటి సింగెన్ చేరింది మొదలు మ్యూనిక్ వరకు ప్రతి స్టేషనులోనూ జనసముద్రం. ఓడి, సిగ్గుతో తలవంచుకొన్న జాతికి తొమ్మిదేళ్ల తరువాత తల ఎత్తుకొనే సందర్భం దొరికినదని చరిత్రకారులు రాసినారు. అయితే బెర్న్ మైదానంలో జర్మన్ ప్రేక్షకులు జాతీయగీతంలో వాడుక మానివేసిన మొదటి చరణాన్ని పాడడం, ఫుట్‌బాల్ సంఘాధ్యక్షుడు గర్వోద్ధతమైన ఉపన్యాసం చేయడం పొరుగు దేశాలను కలవరపరచినవి. అధ్యక్షుడు థియోడర్ హ్యూస్ బెర్లిన్ నగరంలో ఆటగాళ్లను సన్మానిస్తూ, బంతిని బాగా తన్నడం మంచి రాజకీయం కాజాలదని సున్నితంగా మందలించినాడు. ఆ వివేకం మెచ్చదగినది.

ఓడినవారి గోల్‌కీపరును కూడా మనము మరువరాదు. ఆయన పేరు గ్యూలా గ్రోషిచ్. ఆ కాలపు శ్రేష్ఠులైన గోల్‌కీపర్లలో ఒకడు. ఓటమి వార్త విని బుడాపెస్ట్ వీధులలో జనం అల్లరి చేసినారు. ఆ సంవత్సరం ముగియకముందే గ్రోషిచ్‌ను గూఢచర్యం ఆరోపణ మీద నిర్బంధించి విచారించినారు. నేరం రుజువు కాలేదు. అయినా రాజధానిలోని పెద్ద క్లబ్బు నుంచి తప్పించి తాతాబాన్యా అనే గనుల పట్టణానికి పంపివేసినారు. చేతికి వచ్చిన బంతిని జారవిడిచినవాడు దేవుడైనాడు. అటువంటి తప్పు చేయనివాడు అనుమానితుడైనాడు. గెలుపు తప్పును కప్పిపెడుతుంది, ఓటమి లేని తప్పును పుట్టిస్తుంది. ఫలితాన్ని బట్టి మనిషి విలువ కట్టే లోకపు తూనిక ఎంత వంకరదో ఈ ఇద్దరి కథలు పక్కపక్కన పెట్టి చూస్తే తేటపడుతుంది. గ్రోషిచ్ 2014 వరకు జీవించి, తన దేశ ప్రజల గౌరవాన్ని తిరిగి పొందడం సంతోషకరం.

విజయం తరువాత జర్మన్ జట్టు భాగ్యం ఎక్కువ కాలం నిలువలేదు. ఆ శరదృతువులో పలువురు ఆటగాళ్లకు కామెర్లు సోకినవి. పోటీల సమయంలో ఇచ్చిన సూదిమందులే కారణమని, వాటిలో ఉత్తేజక పదార్థం కలిసినదేమో అని అనుమానాలు చెలరేగినవి. అవి విటమిన్ సూదులని జట్టు వైద్యుడు చెప్పినాడు. టూరెక్ 1954 అక్టోబరులో ఫ్రాన్సు మీద ఆడిన పోటీయే ఆయనకు చివరి అంతర్జాతీయ పోటీ. మొత్తం 20 సార్లు ఆయన జాతీయ జట్టుకు ఆడినాడు. తరువాత ఆ స్థానం హెర్కెన్‌రాత్‌కు దక్కినది. టూరెక్ 1956లో డ్యూసెల్‌డార్ఫ్ వీడి, బొరూసియా మోన్‌షెన్‌గ్లాడ్‌బాఖ్ క్లబ్బులో స్వల్పకాలం ఆడి విరమించినాడు.

ఆ తరం వారికి ఆట వల్ల సంపద రాలేదు. జర్మనీలో జాతీయ స్థాయి వృత్తిక్రీడా లీగు 1963లో గాని మొదలు కాలేదు. ప్రపంచ విజేత అయిన గోల్‌కీపరు డ్యూసెల్‌డార్ఫ్ నగరపు ట్రాం, బస్సుల సంస్థలో సాధారణ ఉద్యోగిగా పని చేసి జీవనం సాగించినాడు. 1973లో విధి మరొక దెబ్బ కొట్టినది. ఆకస్మికంగా ఆయన కాళ్లు చచ్చుబడినవి. స్తంభాల మధ్య పిల్లివలె కదలిన మనిషికి నడవడమే గగనమైనది. 1984 మే 11వ తేదీన, 65 ఏళ్ల వయసులో టోనీ టూరెక్ కన్నుమూసినాడు. బెర్న్‌లో ఆడిన ఆ 11 మంది జర్మన్లలో ఆఖరివాడైన హోర్స్ట్ ఎకెల్ 2021లో మరణించడంతో ఆ తరం పూర్తిగా ముగిసినది.

ఈ జీవితంలో మా విద్యార్థులు గ్రహించదగిన విషయం ఒకటి ఉన్నదని మేము భావిస్తున్నాము. పరీక్షలో గాని, ఉద్యోగంలో గాని, సంసారంలో గాని తొలి ఎనిమిది నిమిషాలలోనే బంతి చేయి జారిన సందర్భాలు మనలో ఎవరికైనా రావచ్చును. ఆ తప్పును చూసి నవ్వేవారు ఉంటారు. గెలిచిన నాడు వారే దేవుడని కూడా అంటారు. ఈ రెండు మాటలకూ చెవి ఒగ్గకుండా, మిగిలిన 82 నిమిషాల వైపు చూపు నిలపడం మనిషి చేతిలో ఉన్న పని. టూరెక్ చేసినది అంతే. అంతకు మించి ఏ మనిషీ చేయలేడు, చేయనవసరమూ లేదు.